అవ్వ ఒప్పుకోని వయసు

మా ఎదురింటి అవ్వ మొన్న శుక్రవారం పొద్దున పోయింది. నేను షాపు షట్టరు ఎత్తుతుంటే వాళ్లింటి వదిన గడపలోకి వచ్చి నిలబడి, "తమ్ముడూ, అవ్వ లేస్తా లేదు" అంది. ఊరు లేవకముందే లేచి కూర్చునే మనిషి. నేను పోయి చూసేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. వదిన నా మొహం చూసి మొగుణ్ని లేపడానికి లోపలికి పోయింది.

మీలో కొందరు పేపర్లో చదివే ఉంటారు. ఆళ్లగడ్డలో నూట పద్నాలుగేళ్ల వృద్ధురాలు కన్నుమూత అని ఫోటోతో సహా వేశారు. ఆ ఫోటో నేను తీసిందే. వార్తలో ఊరు సరిగ్గా ఉంది, వీధి సరిగ్గా ఉంది, ఆమె మంచి మనిషని రాశారు, అదీ నిజమే. అంకె ఒక్కటే ఆమెది కాదు. ఆ మాట ఆమె బతికుండగా ఎంతమందికి చెప్పిందో, ఎవరూ ఎట్లా వినలేదో దగ్గరుండి చూసినవాణ్ని నేను. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తే ఏమవుతుందని మాత్రం అడక్కండి. ఏమీ కాదు.

నాది బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్. జిరాక్సులు, లామినేషన్లు, పిల్లల పరీక్ష దరఖాస్తులు, ఇదే నా బతుకు. కింద షాపు, పైన ఇల్లు. ఎదురుగా వాళ్ల పచారీ కొట్టు, కొట్టు వెనకే వాళ్ల ఇల్లు. మేం సాయిబులం, వాళ్లు శెట్లు. మా అబ్బా, అంటే మా నాయన, చిన్నప్పటి నుంచీ రెండిళ్లకూ రాకపోకలు. రంజాన్ నెలలో ఖర్జూరాలు వాళ్ల కొట్టు నుంచే తెచ్చుకునేవాళ్లం. తక్కెడ దగ్గర అవ్వ కూర్చుని ఉంటే తూకం అయిపోయాక ఇంకో పిడికెడు వేసి, "ఇది మీ అమ్మకు, మధ్యలో నువ్వు తినాకు" అనేది. నేను తినేవాణ్ని. ఆమెకు తెలుసు.

ఆమె కొట్టులో కూర్చోవడం మానేసినా పొట్లాలు కట్టడం మానలేదు. ప్లాస్టిక్ కవర్లు వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆమెకు అవి సరుకులాగా అనిపించేవి కావు. కాగితం చుట్టి, కొన మడిచి, దారం రెండు చుట్లు తిప్పి పళ్లతో తెంపేది. పళ్లు పోయాక ఆ దారం తెంపే పని వదినకు వచ్చింది. పాత పేపర్లు చాలకపోతే నా షాపుకు మనిషిని పంపి, చెడిపోయిన జిరాక్సు కాగితాలు తెప్పించుకునేది. కొన్నాళ్లకు ఒకాయన మినపప్పు పొట్లం పట్టుకుని నా మీదికి వచ్చాడు. దాని మీద వాళ్ల పక్కింటాయన ఆధార్ కార్డు ఉంది. ఆ తర్వాత నేను తెల్లకాగితాలే ఇచ్చేవాణ్ని. "బోసిగా ఉండాయి సాయిబూ, చదువుకునేదానికి ఏమీ లేదు" అని సణిగేది. ఆమెకు చదువు రాదు.

ఏం తిని ఇన్నేళ్లు బతికావని చాలామంది అడిగేవాళ్లు. ఆమె ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. "ఏందీ తినేది? పెట్టింది తిన్యా. పెట్టకపోతే అడుక్కోని తిన్యా." వయసెంత అని అడిగితే మాత్రం నవ్వేది కాదు. "నా వయసు తెలిసినోళ్లంతా పాయిరి. ఇంగ యాడికి పోయి అడగాల?" అనేది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు తర్వాతగాని తెలియలేదు.

ఇదంతా మొదలైంది శెట్టన్న ఫోన్‌తో. శెట్టన్న అంటే అవ్వ మనవడు, ఆమెను జేజి అంటాడు, కొట్టు నడిపేది ఆయనే. వదిన ఆయన భార్య. అవ్వ కొడుకు ఎప్పుడో పోయాడు. అప్పటినుంచి ఆమెను కంటికి రెప్పలా చూసుకుంది ఈ మొగుడూ పెళ్లాలే, అది ముందే చెప్పాలి. ఏదో దేశంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వయసామె చనిపోయిందని ఫోన్లో వార్త చూసి శెట్టన్న రోడ్డు దాటి వచ్చాడు. "తమ్మీ, మా జేజి గూడా ఇంచుమించు అంతే ఉంటాది. ఎవురికి రాయాల్నో చూడు" అన్నాడు.

నేను వెతికాను. ప్రపంచంలో అందరికంటే ముసలివాళ్లు ఎవరెవరు, ఎక్కడెక్కడున్నారు, చెప్పుకునే వయసు నిజమా కాదా అని తేల్చే మనుషులున్నారు. కొందరికి అది ఉద్యోగం కూడా కాదు, ఇష్టం కొద్దీ చేస్తారు. అట్లాంటి ఆయన ఒకడు జవాబు రాశాడు. మర్యాదగల మనిషి. ఇంట్లోవాళ్ల మాట ఒక్కటే అయితే నమ్మలేమని, చిన్నప్పటి ఆధారం ఒకటి, పెళ్లినాటిది ఒకటి, ముసలితనంలోది ఒకటి కావాలని రాశాడు. ముసలితనంలోవి మన దగ్గర సంచులకొద్దీ ఉన్నాయి. పెళ్లినాటిది ఒక పాత ఇంటి దస్తావేజులో దొరికింది. చిన్నప్పటిదే లేదు.

శెట్టన్న నంద్యాల ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కొట్టు పని వదిలేసి, చెప్పులు అరిగేలా తిరిగాడు. చివరికి ఒక పాత జనన రిజిస్టరులో దొరికింది. అవ్వ పుట్టిల్లు దొర్నిపాడు. ఆ ఊరు, ఆమె నాయన పేరు, ఆడపిల్ల అని, పక్కనే ఆమె పేరు. ఆ తేదీ లెక్కన నూట పద్నాలుగేళ్లు. ఆ నకలు పట్టుకుని, మైసూరుపాకు కూడా తీసుకుని వచ్చి నా నోట్లో పెట్టాడు. మేమిద్దరం అవ్వ దగ్గరకు పోయాం. ఆమెకు ఎడమ చెవే కొంచెం వినిపించేది. శెట్టన్న ఆ చెవి దగ్గర గట్టిగా చదివాడు. ఆమె ఇంకొకసారి చదవమంది. చదివాడు.

"అది నేను కాదప్పా" అంది అవ్వ. "అది మా అక్క."

"నీకు అక్క యాడుంది జేజీ?"

"ఉన్నింది. నాకన్నా ముందు. నాలుగేండ్లకే జరమొచ్చి పాయ. అప్పటికి నేను పుట్టలే."

"పేరు నీదే గదా ఈడ ఉండేది!"

"నా పేరు ఆమెది. ఆమె పేరు మా జేజిది. జేజి పేరు నిలబడాల గదా ఇంట్లో."

మా వైపు ఇది అంత వింత సంగతి కాదు. ఇంట్లో మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెడతారు. ఆ పిల్ల దక్కకపోతే, మళ్లీ పుట్టిన ఆడపిల్లకు అదే పేరు పెడతారు. పేరు పెద్దామెది, నిలబెట్టే బాధ్యత పిల్లలది. ఎవరూ దాన్ని తప్పనుకోరు. నూరేళ్ల తర్వాత ఒకాయన సముద్రాలవతల కూర్చుని ఆ పేరు వెతుకుతాడని దొర్నిపాడులో ఎవరికి తెలుసు?

శెట్టన్న మొహం మాడిపోయింది. "పేరు అదే, నాయన అదే, ఊరు అదే. ఇంకేం గావాల తమ్మీ? జేజికి ఏదో మరుపు" అన్నాడు నాతో. అవ్వకు ఆ మాట ఎట్లా వినపడిందో, వినపడింది. ఆమె నావైపు తిరిగింది.

"సాయిబూ, నువ్వు విను. ఆ పిల్ల ఉన్నింది అనేదానికి ఒక ఫోటో లేదు. పూడ్చిన తావులో ఇప్పుడు ఎవరిదో శెనగ చేను. మా అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ చెప్తాన్నింది. అమ్మ పాయ. లోకం మొత్తానికి ఆ ఒక్క కాయితంలో ఉందంట ఆమె. అది గూడా నేను తీసుకుంటే ఎట్ల? నాకు వద్దు. ఐదారేండ్లు తగ్గించుకోండి, నాకేం తక్కువ లేదు."

నిజమే, తగ్గించుకున్నా నూరు దాటుతుంది. కానీ శెట్టన్నకు ఆ నూట పద్నాలుగు కావాలి. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. "మా ఇంటికి పేపరోళ్లు వచ్చింది కొట్టు కాలినప్పుడొకటే" అన్నాడు ఒకసారి. ఊర్లో అందరికీ ఏదో ఒక గొప్ప ఉంటుంది, ఆయనకు ఈ జేజి ఉంది.

తర్వాత ఆ విదేశీ ఆయన వీడియోలో మాట్లాడాలన్నాడు. నా షాపులోనే కుర్చీ వేసి, వెనక తెల్లగుడ్డ కట్టి అవ్వను కూర్చోబెట్టాం. ఆయన ఇంగ్లిష్‌లో అడగడం, నేను ఆమె చెవిలో చెప్పడం, ఆమె చెప్పింది మళ్లీ ఆయనకు చెప్పడం. నాయన ఏం చేసేవాడు, పెళ్లెప్పుడైంది, పెద్ద బిడ్డ పుట్టేసరికి మీకెన్నేళ్లు, ఇట్లా సాగింది. ఆ తర్వాత ఆయన, మీకంటే ముందు మీ అమ్మకు పుట్టి చనిపోయిన బిడ్డలున్నారా అని అడిగాడు.

నేను చెవిలో చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట అడిగినాడా?"

"అడిగినాడవ్వా."

"ఆయప్పే అడిగినాడా, నువ్వే అంటాండావా?"

"ఆయనే."

ఆమె పైట సర్దుకుని, ఫోన్ వైపు తిరిగి, నేనొకణ్ని మధ్యలో ఉన్నానని మరిచిపోయి నేరుగా ఆయనకే చెప్పడం మొదలుపెట్టింది. అక్క ఎర్రగా ఉండేదట. బెల్లం కోసం అటక మీది కుండకు రాళ్లు విసిరి పగలగొట్టిందట. జ్వరంలో కూడా కాళ్లకు గొలుసులు తీయనివ్వలేదట. ఇవన్నీ ఆమె చూసినవి కావు, వాళ్లమ్మ చెప్పగా విన్నవి. శెట్టన్న పక్కనుంచి, "జేజీ, బేగా కానీ, అవన్నీ ఎందుకు" అంటున్నాడు. "అది చెప్పొద్దు తమ్మీ" అని నాకు సైగ చేశాడు. నేను అంతా చెప్పాను. మధ్యలో ఉన్నవాడు మాట మింగితే వాడిక ఎందుకు?

ఆయన ఓపికగా రాసుకున్నాడు. తన పనిలో ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఇదేనని, ఇంత స్పష్టంగా చెప్పినందుకు ఆమెకు కృతజ్ఞతలని అన్నాడు. అయితే అక్క చనిపోయినట్టో, చెల్లెలు తర్వాత పుట్టినట్టో ఏదైనా ఒక ఆధారం కావాలన్నాడు. ఆ తర్వాతి సంవత్సరాల రిజిస్టరు కట్టలు చెదలు తినేశాయి. నేనే స్వయంగా నంద్యాల పోయి అడిగాను. అక్కడి గుమాస్తా మంచివాడే, బీరువా తెరిచి చూపించాడు. అరలో మట్టి ఉంది. కాగితాలు ఉండాల్సిన చోట మట్టి ఉంటే మనిషి ఏం చేస్తాడు? బస్సెక్కి వచ్చేశాను.

దాంతో అవ్వ వయసు ఎటూ తేలకుండా నిలిచిపోయింది. ఆ విదేశీ ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. అక్క కాగితం చెల్లెలికి చెందదు, చెల్లెలి మాటకు కాగితం లేదు. "కాదనలేదు గదా" అని శెట్టన్న దాన్నే పట్టుకున్నాడు. ఆయనకు అది చాలు, పేపరువాళ్లకు అది కూడా అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఒక్కోసారి నాకూ అనుమానం వచ్చేది. నూరేళ్లు దాటిన బుర్ర, చిన్నప్పుడు విన్న కథ ఏదైనా తనదిగా కలిపేసుకుందేమో అనుకునేవాణ్ని. అట్లా అనుకున్న రోజు ఎదురింటి వైపు చూడాలంటే ఇబ్బందిగా ఉండేది.

శెట్టన్న చెప్పిన అంకె నమ్మి నంద్యాల పెద్దమనుషులు సన్మానం పెట్టారు. కల్యాణ మండపంలో పెద్ద వేదిక, శాలువాలు, మనిషి కనపడనంత దండ. వెనక ఫ్లెక్సీ మీద నూట పద్నాలుగు అన్న అంకె అవ్వ కంటే పెద్దగా ఉంది. రెండు ముక్కలు మాట్లాడమని మైకు నోటి దగ్గర పెట్టారు. ఆమె, "నేను అంత పెద్దదాన్ని గాదు. అది మా అక్క వయసు" అంది. అందరూ గొల్లున నవ్వారు. ఎంత చమత్కారమో అన్నారు. ఈ వయసులో కూడా ఆ హాస్యం చూడండి అని పెద్దమనిషి ఒకాయన మైకులో మెచ్చుకున్నాడు. చప్పట్లు ఆగలేదు. ఆమె మళ్లీ చెప్పబోయింది, అప్పటికి మైకు వేరే చేతికి పోయింది. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. లేచి అరవాలనిపించింది. అరిస్తే ఏమని అరవాలి? ఎవరు నమ్ముతారు? కారులో తిరిగి వచ్చేటప్పుడు ఆమె దండలోని పూలు ఒకటొకటిగా తెంపి ఒళ్లో వేసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమె నా షాపుకు నడిచి వచ్చింది ఒక్కసారే. వదిన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. "సాయిబూ, నా సంగతి ఇడ్సిపెట్టు. నీ కంప్యూటర్లో మా అక్క పేరు యాడన్నా ఎక్కియ్యి. ఉన్నింది అని రాస్తే చాలు" అంది. నేను ఆ విదేశీ ఆయనకు రాశాను. ఏ మూలైనా సరే, ఆ పిల్ల పేరు పెట్టడానికి మీ దగ్గర చోటుందా అని అడిగాను. జవాబు వచ్చింది. తమ జాబితాలు చాలాకాలం బతికినవాళ్లవని, నాలుగేళ్ల పిల్లను పెట్టే చోటు తన దగ్గర లేదని, క్షమించమని రాశాడు. చివర, తన మనసులో మాత్రం ఉంచుకుంటానని ఒక మాట రాశాడు.

అదంతా అవ్వకు చదివి చెప్పాను. ఆమె, "ఆయప్పకు వయసెంత?" అంది.

"అరవై దాటుంటాయి."

"అయితే ఇంగా కొన్నాళ్లు ఉంటాదిలే" అంది.

నాకు ఏడుపొచ్చింది. జిరాక్సు మిషన్ వైపు తిరిగి ఏదో సరిచేస్తున్నట్టు నటించాను.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. మీరు పేపర్లో చూసిన అంకే దాని మీదా ఉంది. శెట్టన్న దాని కిందే కూర్చుని పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. నేను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఆ సమయంలో అంకె సంగతి ఎట్లా ఎత్తుతాం? ఎత్తలేదు.

పోయిన ఆడమనిషికి చివరి చీర పుట్టింటివాళ్లు తేవాలి. దొర్నిపాడులో ఆమెకు పుట్టిల్లు అనేది మిగల్లేదు. ఆ ఇంటిపేరున్న దూరపు చుట్టాలు చాగలమర్రిలో ఉంటే వాళ్లకు కబురు పంపారు. వాళ్లు బస్సులో వచ్చేసరికి పొద్దు వాలింది. లేత పసుపు రంగు నూలు చీర, కాగితంలో చుట్టి తెచ్చారు. ఆడవాళ్లు అవ్వకు స్నానం చేయించి, పాత చీరే చుట్టి పెరట్లో పడుకోబెట్టారు. వదిన కొత్త చీర అందుకుంది. అందుకుని అవ్వ దగ్గరకు పోకుండా, గోడవారనున్న ఖాళీ మంచం దగ్గరకు పోయి దాని మీద పరిచింది.

"ఏందమ్మా అది? పొద్దు పోతాంది, బేగా కట్టండి" అన్నాడు చుట్టాల్లో పెద్దాయన.

"రొంత ఆగండి" అంది వదిన. "ఆమె ఎప్పుడూ కొత్త కోక ముందు కట్టలే. ఒక రాత్రి మంచం మీద పరిచి పెడ్తాన్నింది. మా అక్క కట్టి ఇడిసినాక నేను కడ్తా అంటాన్నింది. వాళ్లమ్మ అట్ల నేర్పిందంట. నేను ఈ ఇంటికొచ్చిన్నాటి నుంచి చూస్తాండా. పండగైనా అంతే, పెండ్లయినా అంతే."

పెరటి గడపలో కూర్చున్న శెట్టన్న తలెత్తాడు. "నువ్వెప్పుడూ చెప్పలేదే నాతో!"

"నన్నెవరడిగినారు?" అంది వదిన.

ఆయన భార్య వైపు, అవ్వ వైపు, ఆ మంచం వైపు చూశాడు. బయట పాడె దగ్గర నిలబడినవాళ్లు తొందరపెడుతుంటే, "ఆగండప్పా, ఆగండి" అని ఒక్కమాటే అన్నాడు. ఫ్లెక్సీ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఈ రోజుకీ అక్కడే ఉంది.

అందరం పెరట్లోకి వచ్చి నిలబడ్డాం. వదిన ఆ చీర వంక చూస్తూ, "నాలుగేండ్ల పిల్ల. ఇంత కోక ఏం చేసుకుంటాది?" అని తనలో తనే అనుకుంది. మళ్లీ వంగి చీరను సగానికి మడిచింది. ఇంకో సగానికి మడిచింది. అంచులు సరిచేస్తూ మడిచి మడిచి, చిన్నపిల్ల పావడాకు సరిపోయేంత చేసి, మంచం నడిమధ్యన పెట్టి వెనక్కి జరిగింది. ఆ పిల్ల కట్టుకుని విడిచేంత సేపు మేమంతా ఆ మంచం చుట్టూ నిలబడ్డాం.